స్టీరింగ్ వాపస్ రాకపోతే ర్యాక్ మీద పడకు

అల్లుడా,

రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినపడింది. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు చివరిదాకా వినవు, అందుకని రాస్తున్నా. చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్‌లు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లు, స్ప్రింగుండే స్ట్రట్‌ల పైన కూర్చునే మౌంట్‌లు, అన్నీ కొత్తవి వేశావు. అలైన్‌మెంట్ కూడా చేయించావు. అయినా మలుపు తిప్పి చెయ్యి వదిలితే స్టీరింగ్ వాపస్ రావట్లేదు, చేత్తో లాక్కోవాల్సి వస్తోందని ఓనరు బండి తెచ్చి మళ్లీ నీ షెడ్డు ముందే పెట్టాడు. ఇప్పుడు నువ్వేమో స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే పళ్ల కడ్డీ, ఆ ర్యాక్ మార్చేద్దామా మామా అంటున్నావు. వద్దు. పని చేయకముందు బాగానే తిరిగొచ్చిన స్టీరింగ్ పని చేశాక రాకపోతే, ముందుగా అనుమానించాల్సింది మనం చెయ్యి పెట్టిన చోటునే.

స్టీరింగ్ తనంతట తాను ఎందుకు సూటిగా వస్తుందో ఒకసారి గుర్తు చేసుకో. సైకిల్ సీటు పట్టుకుని ముందుకు తోస్తే హ్యాండిల్ దానంతటదే నిలబడుతుంది, వెనక్కి తోస్తే ఒక పక్కకి పడిపోతుంది. ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండటం వల్లే అది. కారులో ఆ వాలునే క్యాస్టర్ అంటాం. బండిని బట్టి 2, 3 డిగ్రీల నుంచి 5, 6 డిగ్రీల దాకా ఉంటుంది. ఈ వాలు చక్రాన్ని సూటిగా లాగుతుంటుంది. దారిలో ఎక్కడో ఒక జాయింటు పట్టేస్తే ఆ లాగుడు చాలదు. అంటే లాగే బలమైనా తగ్గి ఉండాలి, అడ్డుపడే బిగువైనా పెరిగి ఉండాలి. పార్టులు మార్చిన బండిలో నాకు ఎక్కువసార్లు దొరికింది ఈ రెండోదే.

ముందు టైర్లలో గాలి చూడు. నవ్వకు, గాలి తక్కువున్న టైరుతో స్టీరింగ్ బద్ధకంగానే తిరుగుతుంది. తర్వాత బండిని నువ్వే తీసుకెళ్లి ఖాళీ రోడ్డు మీద ఇరవై స్పీడులో తిప్పి చూడు. అద్దంకి హైవే ఎక్కకు, లారీల మధ్య చేసే పని కాదిది. రెండు వైపుల నుంచీ వాపస్ రాకపోతే ఎక్కడో బిగువుంది. ఒక వైపు నుంచే రాకపోతే కుడి ఎడమ చక్రాల క్యాస్టర్‌లో తేడానో, ఈపీఎస్ (కరెంటు మోటారు పవర్ స్టీరింగ్) సెన్సార్ జీరో తప్పడమో అనుకోవచ్చు. ఈపీఎస్ బండిలో వాపస్ తేవడానికి మోటారు కూడా సాయం చేస్తుంది కాబట్టి, ర్యాక్‌నో కాలమ్‌నో కదిపాక స్కానర్ పెట్టి జీరో చేయించక తప్పదు. నేను పని నేర్చుకున్న మారుతి 800లకు ఆ మోటారే లేదు, చేతికి ఏం తగిలితే అదే నిజం.

ఇక అసలు పని. ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద పెట్టు, జాకీని నమ్మకు. ఇంజన్ ఆపి, స్టీరింగ్ లాక్ తీసి, రెండు వేళ్లతో చివర నుంచి చివరకు తిప్పు. గట్టిగా ఉందా, ఎక్కడైనా పట్టుతోందా చూడు. ఇప్పుడు రెండు టై రాడ్ ఎండ్‌లూ విప్పి చక్రాల నుంచి ర్యాక్‌ను వేరు చెయ్యి. స్టీరింగ్ తేలికైపోతే తప్పు చక్రాల వైపుంది. ఇంకా బిగువుగానే ఉంటే ర్యాక్‌లోనో పైన స్టీరింగ్‌ను ర్యాక్‌కు కలిపే షాఫ్టులోనో ఉంది. సగం వెతుకులాట ఇక్కడే అయిపోతుంది, దీనికి పైసా ఖర్చు లేదు.

చక్రాల వైపని తేలితే ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూడు. కొత్త బాల్ జాయింటు కొంచెం గట్టిగానే ఉంటుంది, దానికి భయపడకు. కానీ ఆ గట్టితనం చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. పట్టి పట్టి వదులుతుంటే ఆ ముక్క పనికిరాదు, వాపస్ ఇచ్చెయ్. తర్వాత టై రాడ్ ఎండ్‌లు మళ్లీ తగిలించి, బండిని కిందకి దించి, పిల్లోడిని స్టీరింగ్ తిప్పమని, నువ్వు స్ట్రట్ స్ప్రింగ్ మీద అరచెయ్యి పెట్టు. స్ప్రింగ్ మెత్తగా కలిసి తిరగాలి. అలా కాకుండా మెలి పడి టంగ్ అని ఎగిరితే పైన బేరింగ్ పట్టేసింది, లేదా తలకిందులుగా కూర్చుంది. మౌంట్‌లు కూడా మార్చావు కాబట్టి నా పందెం దీని మీదే.

ర్యాక్ వైపని తేలితే పైన జాయింట్ షాఫ్టు విప్పు. దానికి ముందు స్టీరింగ్ వీల్‌ను సీటు బెల్టుతో కట్టెయ్. వదిలేస్తే గిర్రున తిరిగి లోపలి ఎయిర్‌బ్యాగ్ కేబుల్ తెగుతుంది, డాష్‌బోర్డులో లైటు వెలిగి కూర్చుంటుంది. ఆ షాఫ్టు జాయింట్లలో ఉండే క్రాసులు బురద నీళ్లకు తుప్పు పడతాయి. పట్టేసిన క్రాసు ఒక చుట్టులో రెండు చోట్ల గట్టిగా తగులుతుంది. కాలి దగ్గర రబ్బరు బూట్ మడతపడి షాఫ్టును ఒరుసుకుంటోందేమో కూడా చూడు.

ర్యాక్ అడ్జస్టర్ గురించి నా తప్పే చెప్తా. చాలా ఏళ్ల కింద ఒక బండికి గుంతల్లో ఖట్‌ఖట్ శబ్దం వస్తుంటే, ర్యాక్ వెనక నట్టు బిగించి శబ్దం పోగొట్టి మీసం మెలేశా. నాలుగో రోజు ఓనరు వచ్చి, మలుపులో స్టీరింగ్ తిరిగి రాక బండి పొలంలోకి దిగేదన్నాడు. ర్యాక్ పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. మధ్యలో వదులు పోయేలా బిగిస్తే, అరగని చివర్లకు వచ్చేసరికి పట్టేస్తుంది. ఆ రోజు నాకు తెలియలేదు. నువ్వు గానీ ఆ నట్టు ముట్టుకుని ఉంటే దాచకుండా చెప్పు. కంపెనీ చెప్పినంత బిగించి, చెప్పినన్ని డిగ్రీలు వెనక్కి వదలాలి. కంటి అందాజ పనికిరాదు.

ఎక్కడా బిగువు లేకపోతేనే క్యాస్టర్ సంగతి. అలైన్‌మెంట్ వాళ్లు టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, పచ్చగా చూపించి పంపేస్తారు, దాంతో ఇది తేలదు. క్యాస్టర్ అంకెలున్న కాగితం అడుగు. రెండు వైపులకీ అర డిగ్రీ దాటి తేడా ఉన్నా, రెండూ కంపెనీ లెక్క కంటే తక్కువున్నా, ఆర్మ్‌లు వేయడానికి వాటిని మోసే కింది చట్రం, సబ్‌ఫ్రేమ్, దించావా అని నిన్ను నువ్వు అడుక్కో. అది పాత గుర్తు మీద కాకుండా కొంచెం వెనక్కి కూర్చుంటే చాలు, క్యాస్టర్ పోతుంది. బోల్టులు వదులు చేసి గుర్తుకు జరిపి మళ్లీ బిగించు. ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం బండి నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చినుగుతుంది.

విప్పిన టై రాడ్ నట్లకు కొత్త పిన్నులు వెయ్, పాతవి వంచి తొయ్యకు. ఓనరుకు ఇప్పుడే ఫోన్ చేసి రెండు రోజులు టైం అడుగు, కారణం కూడా ఉన్నదున్నట్టు చెప్పు. ర్యాక్ ఆర్డర్ పెట్టేసి ఉంటే దాన్నీ ఆపు. టై రాడ్లు విప్పాక స్టీరింగ్ తేలికైందా లేదా, ఆ ఒక్క ముక్క నాకు రాత్రికి చెప్పు. తేలిక కాకపోతే ఆదివారం పొద్దున బస్సెక్కి మిర్యాలగూడ వస్తా.

మీ మామ,
నల్లగొండ