వీణ వచ్చిన అమ్మాయికి లిజనింగ్ పేపర్ ఎందుకు కష్టమవుతోంది?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఇయర్ 11. జీసీఎస్‌ఈలో (ఇక్కడ పదహారేళ్ల వయసులో రాసే స్కూల్ పరీక్షల్లో) మ్యూజిక్ తీసుకుంది, పరీక్ష బోర్డు ఓసీఆర్. చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకుంటోంది. వాయించడంలో మంచి మార్కులే వస్తున్నాయి. మాక్ (నమూనా) పరీక్షలో, సంగీతం వినిపించి ప్రశ్నలడిగే లిజనింగ్ పేపర్‌లో మాత్రం సగం కూడా రాలేదు. మాకేమో పాశ్చాత్య సంగీతం తెలియదు. మ్యూజిక్ పక్కన పెట్టి సైన్స్ చదువుకోమనాలా?
- ఒక తల్లి

జవాబు: పక్కన పెట్టమనకండమ్మా. మొత్తం మార్కుల్లో 60 శాతం వాయించడానికి, స్వరరచనకు వెళ్తుంది. అందులో వాయించడం తనకు బాగానే వస్తోంది కదా. మిగతా 40 శాతం ఈ గంటన్నర లిజనింగ్ పేపర్‌ది. వీణ ముందు అన్నేళ్లు కూర్చున్న పిల్లకు చెవి లేకపోవడం అనేది ఉండదు. విన్నదాన్ని పరీక్ష అడిగే మాటల్లో రాయడం ఇంకా అలవాటు కాలేదు, అంతే.

ఓసీఆర్‌లో ముందే చదువుకోవడానికి నిర్ణయించిన పాటలు ఉండవు, ఎప్పుడూ వినని ముక్కలు వినిపిస్తారు. అందుకే ఆఖరి వారం బట్టీ పడితే లాభం లేదు. రోజూ పావుగంట కావాలి. టీచర్‌ని అడిగి పాత పేపర్లు, ఆడియో, మార్క్ స్కీమ్ (దేనికెన్ని మార్కులో చెప్పే పత్రం) తెచ్చుకోమనండి. ఆడియో పెట్టకముందే ప్రశ్న చదవాలి. మొదటిసారి వాయిద్యాలు, లయ పట్టుకోవాలి. రెండోసారి మెలడీ, టెక్స్చర్ (ఎన్ని ధారలు ఎలా కలిసి మోగుతున్నాయో) గమనించాలి. నాలుగు మార్కుల ప్రశ్నకు నాలుగు విడివిడి అంశాలు రాయాలి. 'సంతోషంగా ఉంది' అని వదిలేస్తే మార్కు రాదు. మేజర్ కీ (ఉల్లాసంగా వినిపించే స్వరాల వరుస), వేగమైన టెంపో అని కారణం రాస్తేనే వస్తుంది. ఇక్కడ మీరు సాయం చేయొచ్చు. ఆడియో ఆపి, "ఏం విన్నావు? ఎలా తెలిసింది?" అని అడగండి. దానికి మీకు సంగీతం రానక్కర్లేదు.

అసలు కష్టం హార్మనీ (ఒకేసారి మోగే స్వరాల కలయిక) దగ్గర వస్తుంది. మన సంగీతం శ్రుతి మీద ఒకే రాగధారగా సాగుతుంది, కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారడం ఉండదు. అందుకే మన పిల్లల చెవి పై స్వరం వెంటే పోతుంది. తను కింది బేస్ లైన్‌ని గొంతుతో పాడుతూ వినాలి. సంగీత వాక్యం చివర పూర్తిగా ముగిసినట్టు అనిపిస్తే పర్ఫెక్ట్ కేడెన్స్ (కేడెన్స్ అంటే ముగింపు), ఇంకా ఏదో రావాలనిపిస్తే ఇంపర్‌ఫెక్ట్. మేజర్, మైనర్ (విషాదంగా వినిపించేది) తేడా కూడా కీబోర్డ్ మీద మీటి, విని గుర్తుపట్టాలి. మూడు నాలుగు వారాలు ఎక్కువ సమయం దీనికే ఇవ్వమనండి.

సిలబస్‌లో భారతీయ శాస్త్రీయ సంగీతం, భాంగ్రా కూడా ఉన్నాయి. ఇవి మనవే కదా అని తేలిగ్గా తీసుకుంటే దెబ్బతింటారు. అక్కడ అడిగేది ముఖ్యంగా హిందుస్తానీ పద్ధతి. ఆలాపనకు దగ్గరగా ఆలాప్, తానానికి దగ్గరగా జోర్ ఉంటాయి. తబలా వచ్చి చేరేది గత్‌లో (తాళంతో సాగే భాగంలో). ఆదితాళం 8 అక్షరాలైతే తీన్‌తాల్ 16 మాత్రలు. తబలాని మృదంగమని రాస్తే మార్కు పోతుంది. కచేరీలు వినే ఇంట్లో పిల్లకు ఇది రెండు రోజుల పని.

సైన్స్ సంగతి. ఇప్పుడు మ్యూజిక్ మానేస్తే ఇంతవరకు చేసిన వాయిద్యం, రచన పని కూడా వృథా అవుతుంది. ఆ పావుగంట వల్ల కెమిస్ట్రీ ఏమీ వెనకబడదు. జీసీఎస్‌ఈ తర్వాత వచ్చే ఏ-లెవెల్లో మ్యూజిక్ ఉండాలా వద్దా అన్నది తర్వాత తననే తేల్చుకోనివ్వండి. ముందు ఈ వారంలో టీచర్ని కలిసి మాక్ జవాబు పత్రం చూడండి. మార్కులు హార్మనీలో పోయాయా, కాన్‌చెర్టోలో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాయిద్యం ప్రధానంగా వాయించే రచనలో) పోయాయా, సినిమా సంగీతంలో పోయాయా తెలిస్తే, ఆ పావుగంట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేలిపోతుంది.