డాక్ ఫైల్ చివర ఎక్స్ చేరిస్తే డాక్ ఎక్స్ అయిపోతుందా?

అవ్వదండీ. డాక్ (.doc), డాక్ ఎక్స్ (.docx) రెండూ వర్డ్ ఫైల్ రకాలే గానీ వేరు వేరు. మీరు డాక్ ఫైల్ పేరు చివర ఎక్స్ చేర్చి అప్‌లోడ్ చేశానన్నారు. అలా రీనేమ్ చేస్తే పేరే మారుతుంది, లోపలి సరుకు అదే. అందుకే అక్కడ ఫైల్ పాడైందని వస్తోంది.

నాది డీటీపీ పని, రోజూ రకరకాల ఫైళ్లు వస్తాయి. డాక్ అంటే వర్డ్ 2003 దాకా నడిచిన పాత పద్ధతి, అంతా కలిపి ఒకే బైనరీ ముద్ద, అంటే మనం నేరుగా చదవలేని కోడ్. డాక్ ఎక్స్ ఆఫీస్ 2007తో వచ్చింది. అది నిజానికి జిప్ ఫైలే, అంటే చాలా ఫైళ్లని కలిపి కట్టిన మూట. నమ్మకం కుదరకపోతే ఒక కాపీ తీసి, ఎక్స్‌టెన్షన్ (పేరులో చుక్క తర్వాతి భాగం) జిప్ అని మార్చి తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో మీరు టైప్ చేసిందంతా ఉండే డాక్యుమెంట్ ఎక్స్‌ఎమ్‌ఎల్, ఫొటోలున్న మీడియా ఫోల్డర్ కనిపిస్తాయి. వర్డ్‌లో అతికించిన ఫొటోలు విడిగా కావాలంటే నేను ఈ దారినే తీసుకుంటాను.

అనుమానం వచ్చిన ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి అక్షరాలు చూస్తాను (సేవ్ మాత్రం చేయకూడదు). పీ, కే అని ఉంటే జిప్ రకం. అవి జిప్ కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. మీసాల బ్రాకెట్ తర్వాత ఆర్‌టీఎఫ్ అని ఉంటే అది రిచ్ టెక్స్ట్. ఒకసారి డాక్ పేరుతో వచ్చిన రిపోర్ట్‌లో బొమ్మలన్నీ మాయం. తెరిచి చూస్తే మొదటి లైన్‌లోనే హెచ్‌టీఎమ్‌ఎల్! ఏదో సాఫ్ట్‌వేర్ వెబ్ పేజీకే డాక్ పేరు తగిలించి ఇచ్చింది. బొమ్మలు ఫైల్‌లో లేవు, వాటి లింకులే ఉన్నాయి.

ఓడీటీ అంటే వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ మామూలుగా సేవ్ చేసే ఫార్మాట్. అదీ జిప్ రకమే కాబట్టి నోట్‌ప్యాడ్ చిట్కా ఇక్కడ చాలదు. జిప్‌గా తెరిస్తే కంటెంట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ పైనే కనిపిస్తుంది. వర్డ్‌లో తెరుచుకుంటుంది గానీ టేబుళ్లు కాస్త అటూ ఇటూ అవుతాయి. డాక్ ఎమ్ అంటే మాక్రోలు, అంటే ఫైల్‌లోనే దాగి నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు, ఉండగల ఫైల్. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపితే తెరవకండి.

మీ పాత ఫైల్‌ని వర్డ్‌లో తెరవండి. పైన టైటిల్ బార్‌లో కంపాటిబిలిటీ మోడ్ అని కనిపిస్తుంది, అంటే అది పాత పద్ధతి ఫైల్ అని. ఫైల్ మెనూలో సేవ్ యాజ్‌కి వెళ్లి, టైప్ దగ్గర వర్డ్ డాక్యుమెంట్ ఎంచుకోండి. పాతది అలాగే ఉంటుంది, కొత్తది పక్కన చేరుతుంది. పేజీలు ఒకసారి సరిచూసుకోండి, లైన్లు జరగొచ్చు.

పాతదీ కొత్తదీ ఒకే పేరుతో కనిపిస్తే, దానికి కారణం విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచేయడం. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే ఏది పంపాలో తెలిసిపోతుంది.