బార్మేరా, బాడ్‌మేరా? థార్ ఎడారి ఊళ్ల పేర్ల గురించి

థార్ ఎడారి చరిత్ర మీద మీరు రాస్తున్న వ్యాసంలో ‘బార్మేర్, మార్వార్, పోఖ్రాన్’ అని రాయాలా, వేరేగా రాయాలా అని అడిగారు. చిక్కంతా రోమన్ లిపి పటాలతోనే వచ్చింది. హిందీలో ‘డ’ కింద చుక్క పెట్టి రాసే అక్షరానికి, అంటే నాలుకను పైకి మడిచి ఒక్కసారి విదిలించి పలికే ధ్వనికి, రోమన్‌లో ప్రత్యేకమైన అక్షరం లేనందువల్ల అక్కడ ‘ర’ను సూచించే అక్షరాన్నే వాడారు. దాన్ని చూసి మనమూ ‘ర’ రాసేస్తున్నాం. నిజానికి అవి మార్వాడ్, మేవాడ్, చిత్తౌడ్‌గఢ్. ‘మార్వాడీ’ అని మనం ఎప్పటినుంచో సరిగానే అంటున్నాం కదా!

అలాగని ప్రతి ‘ర’నూ ‘డ’ చేయకండి. బాడ్‌మేర్‌లో మొదటిది ‘డ’, చివరిది అసలైన ‘ర’. రావల్ జైసల్ 1156లో నెలకొల్పినట్లు చెప్పే జైసల్మేర్‌లోనూ, రావ్ బీకా 1488లో స్థాపించిన బీకానేర్‌లోనూ ఉన్నది ‘ర’కారమే.

పోఖ్రాన్ సంగతి వేరు. హిందీలో అది ‘పోకరణ్’. ఒత్తు ‘ఖ’ గానీ, ‘ర’కు దీర్ఘం గానీ లేవు. అయితే 1974 మే 18 నాటి అణుపరీక్ష తర్వాత పత్రికల రూపమే జనంలో స్థిరపడింది కనుక, మొదటిసారి ‘పోకరణ్ (పోఖ్రాన్)’ అని రాసి, ఆపైన మొదటి రూపాన్నే వాడండి. జోధ్‌పూర్‌కు హిందీలో హ్రస్వమే ఉన్నా, తెలుగులో పాతుకుపోయిన దీర్ఘాన్ని కదపకపోవడమే మేలని నా అభిప్రాయం. అనుమానం వచ్చిన పేరును ఆ ఊరి రైల్వేస్టేషన్ బోర్డు మీది హిందీ అక్షరాలతో సరిచూసుకోండి.