చప్పట్ల గురించి అడిగావు కదా

తల్లీ,
అస్సలాము అలైకుమ్.

మక్తబ్‌లో ఖుర్ఆన్ నేర్చుకునే పిల్లల సాలానా జల్సా, అదే వార్షిక సభ, ఈసారి నువ్వే నడిపిస్తున్నావని మీ అమ్మీ ఫోన్ చేసి చెప్పింది. అప్పట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. గుంటూరులో ఇన్నేళ్లు ఇలాంటి జల్సాలు చేయించినవాణ్ణి, ఒంగోలులో నా మేనకోడలు మైకు పట్టుకుంటోందంటే ఎంత సంతోషమో నీకు తెలియదు. టెన్షన్ కూడా అంతే ఉంది. మైకు ముందు ఆడపిల్ల ఏమిటని ఎవరో ఒకరు గొణుగుతారు. వాళ్ల సంగతి నాకు వదిలెయ్.

మైకు సాయంత్రమే పరీక్షించుకో. పిల్లలకు ముందే ఏదైనా తినిపించు. ముఖ్య అతిథికి ఎంతసేపు మాట్లాడాలో ముందే చెప్పు. ఇషా నమాజ్ వేళకు సభ ముగించు. ఇవి నీకు చెప్పాల్సిన పని లేదు.

ఇక నువ్వడిగిన విషయం. పిల్లలు చదివాక జనం చప్పట్లు కొడితే కొట్టనివ్వాలా, ఆపాలా?

ఖుర్ఆన్‌లో సూరా అన్ఫాల్ 35వ ఆయత్ (వాక్యం) చూడు. మక్కాలో విగ్రహారాధన చేసే ముష్రిక్కులు కాబా దగ్గర చేసే ప్రార్థన ఈలలు, చప్పట్లు తప్ప మరేమీ కాదని అల్లాహ్ అక్కడ తప్పుపట్టాడు. అందుకే ఇబాదత్‌లో, అంటే ఆరాధనలో, చప్పట్లకు చోటు లేదు. ఖుర్ఆన్ ఖిరాత్ (పారాయణం) అయ్యాక చప్పట్లు వద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

మిగతా సందర్భాల్లో ఉలమాలు, మన ధర్మ పండితులు, ఒక్క మాట మీద లేరు. సౌదీ గ్రాండ్ ముఫ్తీగా ఉండి 1999లో చనిపోయిన షేఖ్ ఇబ్న్ బాజ్, సభల్లో చప్పట్లు జాహిలియ్య కాలపు, అంటే ఇస్లాంకు ముందరి అజ్ఞాన కాలపు, పని అన్నారు. తక్కువలో తక్కువ మక్రూహ్ (చెయ్యకపోవడమే మంచిది) అన్నారు, హరామ్ (నిషిద్ధం) వైపే మొగ్గారు. ఆ ఆయత్ ఆరాధన గురించి కాబట్టి, పిల్లల్ని ప్రోత్సహించడానికి కొడితే పాపమనలేం, దాని బదులు జిక్ర్ చెయ్యడం, అంటే అల్లాహ్‌ను తలుచుకునే మాట అనడం, మేలు అనేవాళ్లూ ఉన్నారు. నా మనసు ఈ రెండోదాని వైపే. క్విజ్ బహుమతి అందుకున్న పిల్లాడికి నలుగురు చప్పట్లు కొడితే నువ్వు ముఖం చిట్లించకు.

అసలు నా భయం చప్పట్లు కాదు తల్లీ, వాటిని ఆపే తీరు.

నువ్వు పుట్టకముందు మాట. ఒక ఊళ్లో జల్సాకి నన్ను పిలిచారు, ఏ ఊరో ఎందుకులే. ఏడెనిమిదేళ్ల పాప సూరా రహ్మాన్ చదివింది. దుపట్టా కొంగు రెండు పిడికిళ్లలో నలుపుతూ, కళ్లు మూసుకుని, ఎక్కడా తడబడకుండా చదివింది. ఆ పాప బడి టీచరమ్మ, హిందువు, పిల్ల మీద ప్రేమతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. చదవడం పూర్తి కాగానే ఆవిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకో పదిమంది కొట్టారు. అంతే, సభ నడిపే పెద్దమనిషి మైకు లాక్కున్నాడు. ఆ లాగుడికి మైకు కీచుమంది. "ఆపండి! ఇది సినిమా హాలనుకున్నారా? హరామ్, హరామ్!" అని అరిచాడు.

టీచరమ్మ చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. ఆవిడ చేసిన తప్పేమిటో ఆవిడకు తెలియదు. పాప మాత్రం తానే ఏదో తప్పు చదివానని అనుకుంది. వాళ్ల నాన్న వైపు చూసి "గలత్ పఢీ క్యా అబ్బా?" అని అడిగింది. ఆ గొంతు మైకులో అందరికీ వినిపించింది. తర్వాత బహుమతి కోసం పేరు పిలిస్తే స్టేజీ ఎక్కలేదు. మరుసటి ఏడూ చదవలేదని వాళ్ల నాన్నే నాతో అన్నాడు. అన్నేళ్లు ఆ పిల్లతో తజ్వీద్ (ఖుర్ఆన్ ఉచ్చారణ) దిద్దించిన హాఫిజ్ సాబ్ తల దించుకుని కూర్చున్నారు. ధర్మం కాపాడానని ఆ పెద్దమనిషి అనుకున్నాడు. దగ్గర కావాల్సిన రెండు మనసుల్ని ఒక్క అరుపుతో దూరం చేశాడు.

సహీహ్ బుఖారీ గ్రంథంలో ప్రవక్త సహచరుడు సహ్ల్ బిన్ సఅద్ (ర) చెప్పిన హదీస్, అంటే ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం, ఉంది. ప్రవక్త (స) బనూ అమ్ర్ వాళ్ల తగవు తీర్చడానికి వెళ్లారు. ఈలోగా వేళవడంతో అబూబక్ర్ (ర) నమాజ్ చేయిస్తున్నారు. ప్రవక్త (స) తిరిగొచ్చేసరికి వెనకున్నవాళ్లు ఆ సంగతి తెలపాలని చప్పట్లు కొట్టారు. నమాజ్ అయ్యాక ఆయన, ఇన్ని చప్పట్లెందుకు కొట్టారని అడిగి, నమాజ్‌లో ఏదైనా జరిగితే సుబ్హానల్లాహ్ అనండి, చేత్తో చెయ్యి తట్టడం ఆడవాళ్లకు అన్నారు. చూశావా, నమాజ్‌లో కొట్టినవాళ్లనే ఆయన అవమానించలేదు. ఏం చెయ్యాలో నేర్పారు.

నువ్వూ అదే చెయ్యి. మొదటి పాప స్టేజీ ఎక్కకముందే నెమ్మదిగా చెప్పు: "ఖుర్ఆన్ చదివాక చప్పట్లు కొట్టడం మా ఆనవాయితీ కాదండి. మీకు నచ్చితే మాషాఅల్లాహ్, సుబ్హానల్లాహ్ అందాం. ఆ మాటలు అలవాటు లేనివాళ్లు 'చాలా బాగా చదివావమ్మా' అన్నా మా పిల్లలు మురిసిపోతారు." ముందు వరస పిల్లలకు రెండు రోజుల ముందే నేర్పు. వాళ్లు అంటే పెద్దలూ అందుకుంటారు. ఇంత చెప్పాక కూడా ఎవరైనా కొడితే, నవ్వి నువ్వే మైకులో గట్టిగా మాషాఅల్లాహ్ అని తర్వాతి పేరు పిలిచెయ్.

చప్పట్లు లేకపోతే సభ చప్పబడుతుందని బెంగ పెట్టుకోకు. స్వర్గవాసుల్లో నాలుగో వంతు మీరే ఉంటారని ఆశిస్తున్నానని ప్రవక్త (స) అన్నప్పుడు సహాబాలు, అంటే ఆయన సహచరులు, అల్లాహు అక్బర్ అన్నారు. మూడో వంతన్నా, సగమన్నా మళ్లీ అదే మాట. మా అబ్బాజాన్ నన్ను ముషాయిరాలకు, ఉర్దూ కవి సమ్మేళనాలకు, తీసుకెళ్లేవారు. షేర్ నచ్చిందంటే "వాహ్ వా, ముకర్రర్!" అని మళ్లీ చదివించేవారు, హాలు దద్దరిల్లేది. కాకపోతే పిల్లలతో తక్బీర్ (అల్లాహు అక్బర్) చెప్పించేటప్పుడు స్పీకర్ సౌండ్ తగ్గించు. అది ఇళ్ల మధ్య వీధి, పక్కన పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారు.

ఒక్క మాట కోప్పడి చెప్తాను. ఫలానా పిల్లాడంతటివాడు జిల్లాలోనే లేడు అని మైకులో ఎత్తెయ్యకు. ఒకతను ఇంకొకర్ని అలా పొగిడితే, నీ స్నేహితుడి మెడ కోశావన్నారు ప్రవక్త (స). నీకు పొగడ్తంటే చిన్నప్పట్నుంచీ ఇష్టం, నాకు తెలుసు. వక్తృత్వం పోటీలో రెండో బహుమతి వచ్చిందని అన్నం మానేసిన పిల్లవి. అప్పుడు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించింది నేనే. అందుకే భయం. ప్రతి బిడ్డకూ వాడు పడ్డ కష్టం ఒక్కటి చెప్పి, బారకల్లాహ్ (అల్లాహ్ శుభం కలిగించుగాక) అను. ఉస్తాద్‌కి అందరి ముందూ జజాకల్లాహు ఖైరన్ (అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలమివ్వాలి) చెప్పు, వాళ్లను ఎవరూ తలుచుకోరు.

మీ పక్కింటి వాళ్లనీ, బడి టీచర్లనీ పిలుస్తున్నావట. కార్డు పంపి ఊరుకోకుండా ఇంటికెళ్లి పిలువు, ఈ ఆనవాయితీ అక్కడే చెప్పెయ్. నువ్వు సభలో చెప్పబోయే మాటలు రాసి వాట్సాప్‌లో పంపితే చూసి పెడతాను. ఆ రోజు సాయంత్రం అస్ర్ నమాజ్ వేళకల్లా అక్కడుంటాను, నా కుర్చీ వెనక వరసలో వేయించు.

నీ మామూ