విదేశాల్లో ఇంగ్లిష్ టీచరా? ఏజెంటుకు డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మా పాప ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లిష్ చేసింది. తిరుపతిలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో చెబుతోంది. థాయ్‌లాండ్ వెళ్లి టీచర్‌గా చేస్తానంటోంది. 120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ కోర్సు (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే శిక్షణ), ఉద్యోగం రెండూ కలిపి ఏజెంటు రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. ముందు టూరిస్ట్ వీసా మీద పంపిస్తాడట. ఒప్పుకోవచ్చా మేడమ్?
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. పాప కోరికను మాత్రం కాదనకండి.

మన చట్టం ప్రకారం రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు సర్వీస్ ఛార్జి కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. అతని లైసెన్స్ నంబరు అడిగి, విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. థాయ్‌లాండ్‌లో టూరిస్ట్ వీసాతో పాఠం చెప్పడం నేరం. ఉద్యోగానికిచ్చే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్ ఉండాల్సిందే. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని పిలిచి మయన్మార్‌కు తరలిస్తున్న ముఠాల గురించి మన విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించింది. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లే చోట ఇందులో రాజీ వద్దు.

ఇక అసలు సంగతి. ఈ రంగంలో అర్హత కంటే ముందు పాస్‌పోర్టు చూసే దేశాలున్నాయి. దక్షిణ కొరియా ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఇ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం మనవాళ్లకు ఓ దారి చూపినా, దానికి టీచింగ్ అర్హత ఉండాలి. థాయ్ స్కూళ్లు మనవాళ్లను తీసుకుంటాయి. కాకపోతే టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోరు అడుగుతాయి, జీతం కూడా తెల్లవాళ్లకిచ్చేదాని కంటే తక్కువే ఉంటుంది. ఇది అన్యాయమే, కానీ తెలిసి వెళ్లడం మేలు.

అందుకే నేను చెప్పేది: ముందు బీఈడీ. ఏపీ ఎడ్‌సెట్ రాసి తిరుపతిలోనే చేరవచ్చు. తర్వాత రెండేళ్లు మంచి స్కూల్లో పని చేయనివ్వండి. ఆ రెండూ చేతిలో ఉంటే గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ స్కూళ్లు కూడా తలుపు తీస్తాయి. నాకైతే మన పిల్లలకు అదే ఎక్కువ భద్రమైన దారిగా కనిపిస్తుంది.

ఇంగ్లిష్ బోధనలో సర్టిఫికెట్ కావాలంటే కేంబ్రిడ్జ్ వారి సెల్టా కోర్సు చూడండి. అందులో నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పాలి, పరిశీలకులు కూర్చుని చూస్తారు. ఖర్చు ఎక్కువే. కానీ వీడియోలు చూసి ప్రింటు తీసుకునే కోర్సుకూ దీనికీ పోలికే లేదు.

పాపకు ఒక మాట చెప్పండి. తెలుగులో ఆర్టికల్స్ లేవు, థాయ్ భాషలోనూ లేవు. 'ఎ', 'ద' ఎక్కడ పెట్టాలో తెలియక పిల్లవాడు ఎందుకు తడబడతాడో, ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్ల కంటే తనకే బాగా అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో ఆ సంగతి ధైర్యంగా చెప్పుకోవాలి.

డిగ్రీ సర్టిఫికెట్లకు అటెస్టేషన్ (అసలైనవేనన్న అధికారిక ధ్రువీకరణ), తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా పోలీస్ క్లియరెన్స్ వంటివి వెళ్లే దేశం ఖాయమయ్యాకే మొదలుపెట్టండి. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు అందులోని నంబరుకు కాకుండా, ఆ స్కూలు సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, పాప పేరు వాళ్ల దగ్గర ఉందో లేదో అడగండి.