గంటలు నేను కూడతాను

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, అది అమెరికాలో చదువుకుంటూ క్యాంటీన్లో ఎంగిలి పళ్లాలు కడుగుతుందట, నువ్వయినా చెప్పు" అని ఒకటే ఏడుపు. ఎలాగో ఊరుకోబెట్టి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ తర్వాత చాలాసేపు వీధి అరుగు మీదే కూర్చుండిపోయాను. మీ అత్త భోజనానికి రెండుసార్లు పిలిచినా లేవలేదు. బెంగా గర్వమూ ఒక్కసారే ముంచుకొస్తే మనిషికి ఏం చెయ్యాలో తోచదు. ఫోన్లో చెబితే నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అనేసి పెట్టేస్తావు. అందుకే ఇలా రాస్తున్నాను.

ముందు మీ అమ్మ ఏడుపు సంగతి. పళ్లాలు కడగడంలో తప్పేమీ లేదు. అమెరికాలో చదువుకున్నప్పుడు నేను చేసిందీ అదే పని. మీ అమ్మమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది, నువ్వు చూడలేదు. పిక్క మీద దెబ్బ పడగానే తొక్కలోని నూనె చిమ్ముతుంది. అది తగిలిన చోట చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడిపోతుంది. చేతులకి బూడిద రాసుకుని కొట్టేవారు. సాయంత్రం ఇంటికొచ్చి మాకు అన్నం కలిపి ముద్దలు పెట్టేటప్పుడు నేను ఆ వేళ్లనే చూసేవాణ్ణి. బొటనవేలి గోరు చుట్టూ నల్లటి గీత, ఎంత తోమినా పోయేది కాదు. ఆ వేళ్లతోనే నా ఇంజనీరింగ్ ఫీజు నోట్లు తడిచేసుకుంటూ లెక్కపెట్టి ఇచ్చింది. డైనింగ్ హాల్లో మొదటిరోజు నా చేతికి రబ్బరు గ్లౌజులు ఇస్తే, వేసుకోకుండా కాసేపు పట్టుకుని నిలబడిపోయాను. అమ్మకి ఎవరూ గ్లౌజులు ఇవ్వలేదు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. నువ్వు ఈ పని గురించి ఎవరి దగ్గరా తల దించుకోకు.

నా బెంగ వేరు. రెండు పనులు చూసుకున్నావట, పగలు లైబ్రరీ, రాత్రి డైనింగ్ హాలు. "నెలనెలా కొంత పంపితే నాన్న తోట అప్పు తీరిపోతుంది" అన్నావట. ఆ మాట దగ్గర నా గుండె ఆగినంత పనయింది. ఎందుకో చెబుతాను. ముందు తేలిక సంగతులు రాసేస్తాను.

నీది ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా కాబట్టి క్యాంపస్‌లో పనికి వేరే పర్మిట్ కార్డు అక్కర్లేదు, కానీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పకుండా చేరకు. పని ఇస్తున్నట్టు వాళ్లిచ్చిన కాగితం, ఇంటర్నేషనల్ ఆఫీసు లెటరు, పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, దేశంలో అడుగుపెట్టినప్పటి రికార్డు ఐ-94 పట్టుకెళ్తే సోషల్ సెక్యూరిటీ నంబరుకి అప్లై చెయ్యొచ్చు. ఆ నంబరు ఫోన్లో ఎవరడిగినా చెప్పకు, గవర్నమెంటు నుంచి అన్నా సరే. జారని బూట్లు కొనుక్కో, మొదటి జీతం వచ్చేదాకా ఆగకు. బీఫ్ ముట్టుకోవడం ఇబ్బందిగా ఉంటే మొదటిరోజే సూపర్‌వైజర్‌తో నోరు తెరిచి చెప్పు, వేరే చోట వెయ్యమని అడుగు. చెప్పకుండా లోపల్లోపల బాధపడితే వాళ్లకి ఎలా తెలుస్తుంది?

పే స్లిప్పు మాత్రం కూర్చుని చదువు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని, వాళ్ల పెన్షన్‌కీ పెద్దవయసు వైద్యానికీ, రెండు కోతలుంటాయి, రెండూ కలిపి 7.65 శాతం. నీలా ఎఫ్-1 మీద కొత్తగా వెళ్లినవాళ్లకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ రెండూ కొయ్యకూడదు. కోస్తే పేరోల్ ఆఫీసుకి వెళ్లి అడుగు, మొహమాటపడకు. ఏప్రిల్ 15 లోపు ట్యాక్స్ రిటర్న్ వెయ్యాలి. నీకు వర్తించేది 1040-ఎన్ఆర్ అని, పన్ను లెక్కలో అక్కడివాళ్లు కాని విదేశీయుల ఫారం, దాంతోపాటు 8843 అనే ఇంకో ఫారం. పక్క గదిలో అమెరికన్ అమ్మాయి ఏ ఫారం వేసిందో చూసి నువ్వూ అదే వేసెయ్యకు, ఆ అమ్మాయి ఫారం వేరు. మనకీ వాళ్లకీ ఉన్న పన్ను ఒప్పందంలో 21వ ఆర్టికల్ కింద ఇండియా నుంచి వెళ్లిన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, అంటే ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను ఉండదు. అది వదులుకోకు.

నీళ్లు తాగు. ఇది తేలిక సంగతుల్లో రాయడం లేదు. మనం ఉద్దానం వాళ్లం, ఊరూరా కిడ్నీ జబ్బు ఉన్న చోటు. మీ తాతయ్య 2004లో కిడ్నీ జబ్బుతోనే పోయారు, నేను అక్కడ ఉద్యోగం వదిలేసి వచ్చేసిందీ అందుకే. ఆయన తోట పని చేసి నడుం నొప్పి అనేవారు. కిరాణా కొట్లో నొప్పి మాత్ర కొనుక్కుని వేసుకుని మళ్లీ పనికి పోయేవారు. సంవత్సరాల తరబడి అంతే. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించేసరికి చెయ్యి దాటిపోయింది. మన దగ్గర ఈ జబ్బు ఎందుకొస్తుందో డాక్టర్లు ఇప్పటికీ ఒక్క మాట మీదకి రాలేదు. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకి చేటన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న మాటే. డిష్ రూమ్‌లో మిషన్ తలుపు తీసినప్పుడల్లా ఆవిరి మొహాన కొడుతుంది, చొక్కా తడిసిపోతుంది, దాహం వేసినా పళ్లాల వరస ఆగదు కాబట్టి తర్వాత తాగుదాంలే అనుకుంటాం. నువ్వు అలా అనుకోకు. సీసా పక్కనే పెట్టుకో. కాళ్లు లాగుతున్నాయని ఎవరైనా ఇబుప్రొఫెన్ ఇస్తే రోజూ అలవాటుగా మింగకు. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో ఏడాదికోసారి క్రియాటినిన్ చేయించి నంబరు నాకు పంపు. భయపెడుతున్నానని కోప్పడకు తల్లీ, నేను ఒకర్ని చూసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి తెలియదు. చెప్పకు కూడా.

నేను 1997 ఆగస్టులో వెళ్లాను. ఆ సెప్టెంబరు 1న అక్కడ కనీస వేతనం గంటకి 5 డాలర్ల 15 సెంట్లు చేశారు, నాకు ఇచ్చిందీ అంతే. వారానికి డైనింగ్ హాల్లో 14 గంటలు, లైబ్రరీలో 6. మొత్తం 20. క్లాసులు జరిగే రోజుల్లో విద్యార్థి వీసా మీద వారానికి అంతకు మించి చెయ్యకూడదని రూలు. వారానికి 103 డాలర్లు. మన రూపాయల్లో నాలుగు వేలకి దగ్గర. చదువు కూడా బాగానే సాగుతోంది. ఒక ప్రొఫెసర్ పిలిచి, మార్కులు ఇలాగే ఉంటే జనవరి నుంచి అసిస్టెంట్‌షిప్ ఇస్తానన్నారు. అంటే ట్యూషన్ ఫీజు మాఫీ, పైగా నెలనెలా స్టైపెండ్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్టోబరు చివర్లో నాన్న ఉత్తరం వచ్చింది. మీ అమ్మకి సంబంధం కుదిరింది, మాఘమాసంలో ముహూర్తం, అన్నీ సర్దుకున్నాం, గొలుసు ఒక్కటే మిగిలిపోయింది అని రాశారు. నన్ను పంపమని అడగలేదు. అడిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

మర్నాడే డైనింగ్ హాల్ మేనేజర్ దగ్గరికెళ్లి ఇంకో రెండు షిఫ్టులు అడిగాను. నవంబరు, మనిషి దొరకని రోజులు, వెంటనే ఇచ్చేశాడు. అక్కడ 20, లైబ్రరీలో 6. ఒక్కో పనికి 20 వేరువేరుగా లెక్క అనుకున్నాను. తర్వాత అందరికీ తెలియక చేశానని చెప్పాను. అమ్మలూ, అది నిజం కాదు. నాకు అనుమానం ఉంది. ఇంటర్నేషనల్ ఆఫీసు నేను రోజూ నడిచే దారిలోనే ఉండేది. లోపలికెళ్లి అడిగితే వద్దంటారని అడగలేదు. ఆరు వారాలు ఆ తలుపు ముందునుంచి తలొంచుకుని నడిచాను.

రాత్రి పదకొండున్నరకి డిష్ రూమ్ మూసేవాళ్లం. గదికొచ్చి పుస్తకం తెరిస్తే అక్షరాల మీద కూడా ఆ సబ్బునీళ్ల వాసనే. డిసెంబరులో హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్ష రాస్తుంటే, నేను బాగా వచ్చనుకున్న లెక్క ముందు పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను. రెండు వాక్యాల మధ్య కళ్లు మూతలు పడ్డాయి. ఆ సబ్జెక్టులో సి వచ్చింది. మార్కుల సగటు, జీపీఏ అంటారు, 2.8. మూడు దాటకపోతే అసిస్టెంట్‌షిప్ ఇవ్వడానికి లేదు. ప్రొఫెసర్ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంకొకరికి ఇచ్చేశారు.

జనవరిలో ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఒక పెద్దావిడ నా రెండు టైమ్ షీట్లు పక్కపక్కన పెట్టి పెన్సిల్‌తో కూడింది. ఒక్కో వారం కింద 26, 26, 26 అని రాసుకుంటూ పోయింది. ఎన్నిచోట్ల చేసినా అన్నీ కలిపే 20 అని, ఒక్క వారం దాటినా అది అనుమతి లేని పనే అవుతుందని నెమ్మదిగా చెప్పింది. నా చేతులు వణుకుతుంటే చూసి నీళ్ల గ్లాసు ఇచ్చింది. రెండు పనులూ మానిపించి, మందలించి వదిలేసింది. అది ఆవిడ దయ. 2003 నుంచి సెవిస్ అనే గవర్నమెంటు రికార్డు వ్యవస్థ వచ్చాక విద్యార్థి వివరాలన్నీ కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి, అలాంటి దయకి ఇప్పుడు చోటు లేదు. విద్యార్థిగా ఉండే స్టేటస్ పోయాక తిరిగి తెచ్చుకునే దారి ఒకటుంది గానీ, అనుమతి లేకుండా పని చేసినవాళ్లకి ఆ దారి కూడా మూసేశారు.

ఎక్కువ చేసినవి ఆరు వారాలు, వారానికి ఆరేసి గంటలు. 36 గంటలు. 185 డాలర్ల 40 సెంట్లు. ఆ డబ్బుతో రెండు తులాలకి కాస్త తక్కువగా గొలుసు చేయించారు. మీ అమ్మ మెడలో ఇప్పటికీ ఉన్నది అదే. అసిస్టెంట్‌షిప్ పోయింది కాబట్టి ఆ సెమిస్టర్ ఫీజుకి నాన్న రెండెకరాల జీడితోట తాకట్టు పెట్టారు. ఎందుకు కావలసి వచ్చిందో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయన పోయేదాకా కూడా చెప్పలేకపోయాను.

నువ్వు "నాన్న అప్పు" అన్నావని తెలియగానే నాకు ఆ ఉత్తరం గుర్తొచ్చింది. మంచి కారణం మనసులో ఉంటే మనిషి ఏ తలుపు ముందునుంచయినా తలొంచుకుని నడిచేస్తాడు.

కాబట్టి విను. క్లాసులు జరిగే రోజుల్లో రెండు పనులూ కలిపి 20. ఈ వారం 24 చేసి వచ్చే వారం 16 చేస్తే సరిపోదు, ఏ వారానికి ఆ వారమే. యూనివర్సిటీ సెలవుల్లో ఫుల్ టైమ్ చెయ్యొచ్చు, అప్పుడు చేసుకో. బయట కొట్లలో, పెట్రోల్ బంకుల్లో క్యాష్ ఇస్తామని మన తెలుగువాళ్లే పిలుస్తారు. "ఎవరికీ తెలీదు చెల్లీ" అంటారు. వెళ్లకు. ఆకలేస్తే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా చెయ్యి, వెళ్లకు.

నన్నడిగితే మొదటి సెమిస్టర్‌కి లైబ్రరీ ఒక్కటే ఉంచుకో. వారానికి 12 గంటలు, మించితే 15. లైబ్రరీ పని అంటే నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. 1997 ఫిబ్రవరిలో మన ఊళ్లో కథకులు కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, కథల కోసమే కథానిలయం అనే లైబ్రరీ తెరిచారు. అమెరికా వెళ్లేముందు ఆ వేసవిలో అక్కడికి చాలాసార్లు వెళ్లాను. ఎప్పటెప్పటివో పాత పత్రికలు, కథలు, వెతికితే దొరికేలా ఒక వరసలో ఉండేవి. అక్కడ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంటే ఆ గదే కళ్లముందు కదిలేది. నంబరులో ఒక్క అంకె పొరబడి పక్క అరలో పెట్టావంటే ఆ పుస్తకం ఉన్నా లేనట్టే. డెస్క్ దగ్గర రద్దీ లేనప్పుడు చదువుకోనిస్తారేమో కూడా అడుగు. మిగిలిన టైమ్‌లో ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు, పని లేకపోయినా ఒక సందేహం పట్టుకుని వెళ్లు. పేపర్లు దిద్దే గ్రేడర్ పనులు, అసిస్టెంట్‌షిప్‌లు మొహం తెలిసినవాళ్లకి వస్తాయి. గిన్నెల దగ్గర సంపాదించేదానికి అది ఎన్నో రెట్లు.

ఇక తోట. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి నువ్వు ఇంటర్ పుస్తకాలు గుండెకి హత్తుకుని మంచం కింద కూర్చున్నావు, గుర్తుందా? అక్టోబరు 11. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి. మీ నాన్న ఒక్కో మొద్దు మీద చెయ్యి వేసుకుంటూ తోటంతా నడిచాడు. ఆ తర్వాతి ఏడు నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. పోయిన నెల మొదటి గెల దింపాడు. నీకు చెబితే సెలవులకి వచ్చేస్తానంటావని చెప్పలేదట. బ్యాంకు వాయిదా ఈ ఏడాదిది కట్టేశాం, నేనూ మీ నాన్నా కలిసి. వచ్చే ఏడాదిదీ మేమే చూసుకుంటాం. ఆ అప్పు మా ఇద్దరిదీ. అందులో నీ పేరు ఎక్కడా లేదు, నేను కాగితం చూశాను.

ప్రతి ఆదివారం ఆ వారం చేసిన గంటలు, రెండు పనులవీ, ఫొటో తీసి నాకు పంపు. గంటలు నేను కూడతాను.

మీ మావయ్య