లిథియం వాడుతున్న రోగిలో నర్సింగ్ విద్యార్థి ఏం గమనించాలి?

మనఃస్థితి అతి ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్ రుగ్మతకు లిథియం వాడుతున్న రోగి విషయంలో నర్సు ప్రధానంగా ఏం చూడాలన్నది మీ ప్రశ్న. ఈ మందు మేలు చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య ఎడం చాలా తక్కువ కాబట్టి, రక్తంలో దాన్ని సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషలక్షణాలు కనిపించే అవకాశం పెరుగుతుంది. చివరి మోతాదు తీసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. ఉదయం మాత్ర వేసుకున్నాక తీసిన నమూనా తప్పుదారి పట్టిస్తుంది.

అసలు కిటుకు ఉప్పులో ఉంది. ఉప్పులోని సోడియం శరీరంలో తగ్గినప్పుడు మూత్రపిండాలు దానితోపాటు లిథియాన్ని కూడా తిరిగి పీల్చుకుంటాయి. అందువల్ల వాంతులు, విరేచనాలు, రోహిణీ కార్తె ఎండల్లో పట్టే విపరీతమైన చెమట, ఇంట్లోవాళ్ళు సదుద్దేశంతోనే హఠాత్తుగా మొదలుపెట్టే చప్పిడి పథ్యం, ఇవన్నీ మాత్రల సంఖ్య మారకుండానే రక్తంలో మందును పెంచగలవు. ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలూ, బీపీకి ఇచ్చే థయజైడ్లూ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు) అంతే.

చేతుల్లో సన్నని వణుకు చాలామందిలో ఉండేదే. అది ముదిరి, నడక తూలుతూ, మాట ముద్దగా వస్తుంటే, తదుపరి మోతాదు ఇవ్వకుండా ఆపి వెంటనే వైద్యుడికి తెలియజేయాలి.